అలలు లేని చోటు: ఒక హాంకాంగ్ సినిమాకు ప్రతిపద వ్యాఖ్యానం

పద్యానికి ప్రతిపదార్థం రాయడం మనకు పాత అలవాటు. పద్యాన్ని విడదీసి, ఒక్కో మాట దగ్గర ఆగి, ఆ మాట వెనక ఉన్నదంతా బయటికి తీస్తారు. సినిమాకు అలా ఎవరూ రాయరు. కానీ 2002 డిసెంబరు 12న హాంకాంగ్‌లో విడుదలైన ‘ఇన్‌ఫెర్నల్ అఫైర్స్’ ఎన్నిసార్లు చూసినా నేను కథ దగ్గర కంటే మాటల దగ్గరే ఎక్కువసేపు ఆగిపోతున్నాను. ఆండ్రూ లౌ, అలన్ మాక్ దీనికి దర్శకులు. అలన్ మాక్, ఫెలిక్స్ చోంగ్ కలిసి రాశారు. నిడివి 101 నిమిషాలు. మాదకద్రవ్యాల ముఠాలోకి పోలీసులు ఒకణ్ణి పంపుతారు, పోలీసుశాఖలోకి ముఠా ఇంకొకణ్ణి పంపుతుంది. ఇద్దరూ పదేళ్లపాటు అవతలివాళ్ల గూట్లో బతుకుతారు. ముఠాలో ఉన్న పోలీసు యాన్, ఆ పాత్ర టోనీ లియుంగ్‌ది. పోలీసుల్లో ఉన్న ముఠా మనిషి మింగ్, అది ఆండీ లౌది. వ్యాఖ్యానమన్నాక కథ దాచడం కుదరదు. సినిమా చూడనివాళ్లు ముందు చూసి రండి.

మో గాన్ దో

కాంటనీస్‌లో సినిమా అసలు పేరు ఇదే. ‘మో’ అంటే లేదు. ‘గాన్’ అంటే ఎడం, సందు, విరామం. ‘దో’ అంటే దారి. ఎడతెగని దారి అని పదార్థం. కానీ బౌద్ధం తెలిసిన చైనీయులకు మొదటి రెండు అక్షరాలు వినగానే గుర్తొచ్చేది నరకం. సంస్కృతంలోని ‘అవీచి’కి వాళ్లు చేసుకున్న అనువాదం అది. బౌద్ధుల లెక్కలో ఎనిమిది మహానరకాల్లో అట్టడుగుది. తల్లిని చంపినవాడు, తండ్రిని చంపినవాడు, అర్హతుణ్ణి చంపినవాడు, బుద్ధుడి ఒంట రక్తం చిందించినవాడు, సంఘాన్ని చీల్చినవాడు అక్కడికి పోతారు. ఈ ఐదు పాపాలకు ఆనంతర్య కర్మలని పేరు. చేసినవాడు చచ్చాక నడుమ ఇంకో జన్మ ఉండదు, నేరుగా అక్కడికే.

అవీచి మన మాటే. వీచి అంటే అల. ‘వీచిక’ అని మన కవులు ఇప్పటికీ వాడుతూనే ఉన్నారు. అల లేనిది అవీచి. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు గరుడపురాణం చదివించే ఇళ్లలో పెరిగినవాళ్లకు రౌరవం, కుంభీపాకం లాంటి పేర్లు చిన్నప్పుడే చెవిన పడి ఉంటాయి. భాగవతం పంచమ స్కంధంలో ఇరవై ఎనిమిది నరకాలు వరసగా వస్తాయి. తెలుగు భాగవతంలో ఆ స్కంధాన్ని రాసింది గంగన. అందులో అవీచి ఎవరికి విధించారో చూడండి. సాక్ష్యంలో అబద్ధం చెప్పినవాడికి, ఇచ్చిపుచ్చుకోవడాల్లో అబద్ధమాడినవాడికి. నూరు యోజనాల ఎత్తున్న కొండ కొమ్ము మీదికి తీసుకుపోయి తలకిందులుగా తోసేస్తారు. కింద చూస్తే నీళ్లలా ఉంటుంది. తీరా చూస్తే రాతి నేల. నీళ్లయితే అల ఉండాలి కదా, అక్కడ ఉండదు. ఒళ్లు నువ్వుగింజంత ముక్కలైనా ప్రాణం మాత్రం పోదు. మళ్లీ ఎక్కిస్తారు, మళ్లీ తోస్తారు.

ఇది చదివాక సినిమా ఇంకోసారి చూశాను. మేడ పైకప్పు మీద రహస్యంగా కలుసుకునే పోలీసులు, అంత ఎత్తు నుంచి కిందపడే మనిషి, పైకీ కిందికీ తిరిగే లిఫ్టు, దూరంగా హార్బరు నీళ్లు. సినిమా మొదట్లో తెర మీద కనిపించేది నిర్వాణ సూత్రం మాట. దర్శకులు భాగవతం చూసి ఉంటారని నేననడం లేదు. ఒకే సంస్కృత పదం రెండు దారుల్లో ప్రయాణించింది. చైనాకు వెళ్లిన దారిలో ‘విరామం లేనిది’ అయింది. మన పురాణంలో ‘అల లేనిది’గానే ఉండి, అబద్ధపు సాక్ష్యానికి శిక్ష అయింది. ఈ సినిమాకు ఆ రెండర్థాలూ కావాలి.

మూడో అక్షరం సంగతి కూడా చెప్పుకోవాలి. నరకమని చెప్పడానికి మొదటి రెండూ చాలు. ‘దారి’ అని చేర్చేసరికి ఇంకో అర్థం కలుస్తుంది. అభిధర్మ గ్రంథాల చైనీస్ అనువాదాల్లో సరిగ్గా ఈ మూడు అక్షరాలతోనే ఒక పారిభాషిక పదం ఉంది. దానికి మూలం ఆనంతర్యమార్గం. క్లేశం తెగిపోయే దశ అది, దాని వెంటనే వచ్చేది విముక్తి మార్గం. అంటే అడుగున ఉన్న నరకాన్నీ, విముక్తికి ముందున్న గడపనూ ఈ పేరు ఒక్క ఊపిరిలో పలుకుతుంది. యాన్, మింగ్ ఇద్దరూ ఇంకొక్క అడుగు వేస్తే బయటపడతామనే అనుకుంటూ ఉంటారు.

ఇన్‌ఫెర్నల్ అఫైర్స్

ఇది ఇంగ్లిషు పేరు. పోలీసుశాఖలో తమవాళ్ల మీదే విచారణ జరిపే విభాగాన్ని ‘ఇంటర్నల్ అఫైర్స్’ అంటారు. అందులో ఒక్క ముక్క మార్చి ‘నరక సంబంధమైన’ అనే అర్థం తెచ్చారు. కథకు అతికిన శ్లేషే. ముఠా మనిషిని పట్టుకునే బాధ్యత చివరికి ఆ ముఠా మనిషి మింగ్ చేతికే వస్తుంది. ఈ పేరు గురించి ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు.

త్రయం

హాంకాంగ్ ముఠాలను ఇంగ్లిషులో ట్రయాడ్‌లంటారు. ఆకాశం, భూమి, మనిషి అనే మూడింటి కలయిక వాళ్ల పాత రహస్య సంఘాలకు గుర్తు, ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. హాంకాంగ్ చట్టం ప్రకారం అలాంటి సంఘంలో ఉండటమే కాదు, ఉన్నానని చెప్పుకోవడం కూడా నేరం. యాన్ పరిస్థితి ఈ చట్టం వెలుగులో చూడాలి. తన ఉద్యోగం చెయ్యాలంటే అతను రోజూ ఆ నేరం చెయ్యాలి. నోరు తెరిచి తనెవరో చెప్పిన ప్రతిసారీ చట్టం తప్పుతున్నాడు, చట్టం కోసమే తప్పుతున్నాడు.

దాయ్ లో

పెద్దన్న అని అర్థం. ముఠాలో పైవాణ్ణి ఇలాగే పిలుస్తారు. మనకు దీన్ని వివరించి చెప్పనక్కర్లేదు. బస్తీ రౌడీ దగ్గర్నుంచి పార్టీ నాయకుడి దాకా ‘అన్న’ అనే మాట చుట్టూ ఎంత భయం, ఎంత ఆప్యాయత అల్లుకుని ఉంటాయో తెలుగువాళ్లకు తెలుసు. ఎరిక్ త్సాంగ్ వేసిన హాన్ శామ్ ఆ రెండింటినీ ఒకే ముఖంలో చూపిస్తాడు. పొట్టిగా, బొద్దుగా, నవ్వుతూ ఉంటాడు. సినిమా మొదట్లో దేవుడి ముందు నిలబడి కుర్రాళ్లను పోలీసు శిక్షణకు సాగనంపేది అతనే. ఆ వరసలో మింగ్ ఉంటాడు. తనను ఒక దారిలో పెట్టిన ఈ పెద్దన్నను చివర్లో మింగే కారు పార్కింగులో కాల్చి చంపుతాడు. ఆనంతర్య కర్మల్లో పితృహత్య ఉందని పైన రాసింది ఇందుకే.

పొడి

హెరాయిన్‌ను కాంటనీస్‌లో ‘తెల్లపొడి’ అంటారు. ఈ కథలో సరుకు కొకైన్, అమ్మేది థాయ్‌లాండ్‌వాళ్లు. అయితే హాంకాంగ్ అనే నగరం పుట్టుకలోనే మత్తుమందు ఉంది. మొదటి నల్లమందు యుద్ధాన్ని ముగించిన 1842 నాన్‌కింగ్ సంధితోనే అది అధికారికంగా బ్రిటిష్‌వాళ్లదైంది. ఆ నల్లమందు మన దేశంలో, గంగ ఒడ్డు పొలాల్లో పండించి పట్నా, గాజీపూర్ కార్ఖానాల్లో పెట్టెలకెత్తినది. ప్రభుత్వం అమ్మిన సరుకు ముఠాల సరుకుగా మారడానికి వందేళ్లు పట్టింది. సినిమా ఈ చరిత్రను చెప్పదు. సరుకు సంచులు పోలీసులకు దొరక్కుండా సముద్రంలో పారేసే దృశ్యం వచ్చినప్పుడు మాత్రం నాకు ఆ ఓడలే గుర్తొస్తాయి.

ఙో దాయ్

రహస్యంగా చొరబడిన మనిషికి కాంటనీస్ మాట ఇది. అడుగున పడుకున్నవాడు అని అక్షరార్థం. మన ‘చారుడు’ తిరిగేవాడు. చూస్తాడు, వింటాడు, తిరిగొచ్చి చెబుతాడు. ఙో దాయ్ తిరిగి రాడు. చెరువు అడుగున బురదలా అక్కడే కూరుకుపోయి ఉండాలి. అతని పనికి చలనం లేదు, ఉనికే పని.

ఇంతకంటే దగ్గరి మాట కౌటిల్యుడి దగ్గర దొరికింది: ఉభయవేతనుడు. రెండు చోట్లా జీతం తీసుకునేవాడు. అర్థశాస్త్రంలో గూఢపురుషుల గురించి చెబుతూ ఆయన ఈ ఉభయవేతనుల విషయంలో ఒక జాగ్రత్త సూచిస్తాడు. వాళ్ల భార్యాబిడ్డలను రాజు తన అధీనంలో ఉంచుకోవాలట. రెండు వైపులా తిరిగే మనిషిని ఏదో ఒక వైపుకు కట్టి ఉంచే తాడు కుటుంబమేనని అంత పాత గ్రంథానికే తెలుసు.

ఆ సూత్రం పట్టుకుని ఇద్దర్నీ చూడండి. మింగ్‌కు కొత్త ఫ్లాటు ఉంది, పెళ్లాడబోయే అమ్మాయి ఉంది, ఇంటికి తెచ్చుకున్న ఖరీదైన పాటల పెట్టె ఉంది. మంచివాడిగా బతకాలన్న ఆశ అతనికి ఆ ఇంట్లోనే పుట్టింది. ఆ ఇల్లే అతన్ని పట్టి ఉంచిన తాడు. యాన్‌కు తాడు లేదు. ఒకరోజు వీధిలో పాత స్నేహితురాలు కనిపిస్తుంది, పక్కన చిన్నపిల్ల. ఎన్నేళ్లని అడిగితే తల్లి ఐదంటుంది. అతను వెళ్లిపోయాక పిల్ల అమాయకంగా, నాకు ఆరు కదా అంటుంది. ఆ ఒక్క ఏడాది తేడాలో ఒక తండ్రి ఉన్నాడు. తనకు బిడ్డ ఉందన్న సంగతి కూడా తెలియనివాణ్ణి ఏ రాజు ఏ తాడుతో కట్టి ఉంచగలడు? అయినా యాన్ తన పక్షం విడవడు. కౌటిల్యుడు ఊహించని మనిషి అతను.

మూడేళ్లు

యాన్‌ను పంపినప్పుడు మూడేళ్లన్నారు. అవి అయ్యాక ఇంకో మూడన్నారు. ఆ తర్వాత మళ్లీ మూడు. మేడ మీద తన పై అధికారి సూపరింటెండెంట్ వాంగ్‌ను అతను నిలదీసేది ఈ లెక్కతోనే. ఆ పదేళ్ల మధ్యలో 1997 జూలై 1 వచ్చి పోయింది. అతను చేరినప్పుడు అది ‘రాయల్’ హాంకాంగ్ పోలీసు. ఆ రోజుతో రాయల్ అన్న మాట పోయింది, టోపీ మీద చిహ్నం మారింది. ఏ పేరుగల శాఖ కోసం అడుగున పడుకున్నాడో ఆ పేరే పైన లేకుండా పోయింది.

తట్టడం

బేరం జరిగే రాత్రి. ముఠా గదిలో యాన్ ఉన్నాడు, ఇక్కడ పోలీసు గదిలో చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వాంగ్ ఉన్నాడు, వాంగ్ పక్కనే మింగ్ ఉన్నాడు. యాన్ నోరు విప్పడానికి లేదు. వేలి చివరతో తడతాడు. పొట్టి దెబ్బ, పొడుగు దెబ్బ, మోర్స్ సంకేతాలు. ఎవరైనా చూస్తే కంగారులో ఉన్నవాడి చేతి అలవాటనుకుంటారు. అటు వాంగ్ పెన్సిలు పట్టి ఆ చప్పుళ్లను అక్షరాలుగా మార్చుకుంటాడు. ఇటు మింగ్ తన దారిలో శామ్‌కు హెచ్చరిక పంపిస్తాడు. ఆ రాత్రి ఎవరూ గెలవరు. సరుకు నీళ్లపాలు, కేసు గాలిపాలు. కానీ తమ మధ్య పరాయివాడు ఉన్నాడని రెండు వైపులా ఒకేసారి తెలిసిపోతుంది.

పదేళ్లుగా ముఠా మధ్య యాన్ మాట్లాడిన నిజమంతా ఇలా వేలితో తట్టినదే. నోటితో పలికింది అబద్ధం. నాకు ఈ సినిమాలో అన్నిటికంటే బాధ కలిగించేది ఆ వేలు.

కవరు

ముఠాలో పోలీసు ఎవరో కనిపెట్టడానికి శామ్ తనవాళ్లందరి వివరాలూ కాగితాల మీద రాయించి ఒక కవరులో పెట్టి మింగ్‌కు ఇస్తాడు. రాసేటప్పుడు ఒక అనుచరుడికి ‘అంగరక్షకుడు’ అన్న మాటలో ఒక అక్షరం ఎలా రాయాలో తెలియదు. యాన్ ఆ కవరు మీదే రాసి చూపిస్తాడు. చైనీస్ లిపిలో అక్షరం మర్చిపోవడం చదువుకున్నవాళ్లకూ జరిగేదే, కాబట్టి ఎవరూ అనుమానించరు. శామ్ చనిపోయాక యాన్ పోలీసు కార్యాలయానికి వస్తాడు, తన పేరు తనకు తిరిగి ఇమ్మని అడగడానికి. మింగ్ ఆదరంగా మాట్లాడి కంప్యూటర్లో ఫైలు తెరవడానికి లేస్తాడు. అప్పుడు బల్ల మీద కాగితాల మధ్య ఆ కవరు కనిపిస్తుంది. తన చేతిరాతే.

ఇక్కడ సంగీతం పెద్దగా లేవదు, ముఖం మీదికి కెమెరా దూసుకురాదు. టోనీ లియుంగ్ కళ్లు ఒక్కసారి కిందికి దిగి పైకొస్తాయి. మింగ్ తిరిగొచ్చేసరికి కుర్చీ ఖాళీ. కుర్చీ ఎందుకు ఖాళీ అయిందో మింగ్‌కు కూడా అర్థమవుతుంది. అర్థమయ్యాక అతను యాన్ ఫైలు చెరిపేస్తాడు.

సాక్షి

భాగవతం అవీచిని దొంగసాక్షికి కేటాయించింది. ఈ కథలో సాక్షులే మిగలరు. యాన్ పోలీసని తెలిసింది లోకంలో ఇద్దరికి. ఒకరు శిక్షణ పాఠశాల అధికారి. ఆయన చనిపోయినప్పుడు శవయాత్ర దారిలో పోతుంటే యాన్ పక్కకు తప్పుకుని, ఎవరికీ కనిపించని మూల నిలబడి సెల్యూట్ చేస్తాడు. ఇంకొకరు వాంగ్. ఆంథనీ వాంగ్ ఆ పాత్రకు పెట్టిన అలసట మాటల్లో చెప్పలేనిది. యాన్ పుట్టినరోజు గుర్తుపెట్టుకుని మేడ మీద చేతిగడియారం ఇచ్చేది ఈ అధికారే. లోకంలో ఆ తేదీ తెలిసిన మనిషి ఇంకెవరూ లేరు.

మింగ్ ఇచ్చిన సమాచారంతో, వాంగ్, యాన్ కలుసుకున్న భవనం మీదికి ముఠా వస్తుంది. వాంగ్ ముందు యాన్‌ను వేరే దారిన పంపించి, తాను లిఫ్టులో దిగుతాడు. తలుపు తెరుచుకునేసరికి ఎదురుగా వాళ్లు. యాన్ చుట్టూ తిరిగి వీధిలోకి వచ్చేసరికి వెనక పెద్ద చప్పుడు. ఆగి ఉన్న టాక్సీ పైకప్పు మీద వాంగ్ పడి ఉంటాడు. యాన్ ముఖంలో దుఃఖం కనిపించకూడదు, ఎందుకంటే పక్కన ముఠావాళ్లున్నారు. పోయింది ఒక్క అధికారి కాదు, తనెవరో తెలిసిన చివరి మనిషి. ఇకపై అతను పోలీసన్న సంగతి ఒక కంప్యూటరు ఫైలులో తప్ప ఎక్కడా లేదనే అనుకుంటాం, ఆ ఫైలు గతి పైన చెప్పాను.

మన ‘పోకిరి’ 2006లో వచ్చింది. అక్కడా ముఠాలో కలిసిపోయిన పోలీసే కథానాయకుడు. కానీ ఆ సంగతి చివరిదాకా ప్రేక్షకులకు చెప్పకుండా దాచారు. పండు ఐపీఎస్ అధికారి అని తెలిసిన క్షణానికి హాల్లో ఈలలు ఆగలేదు. అక్కడ గుట్టు విప్పడం పండుగ. హాంకాంగ్ రచయితలు గుట్టు మొదటి పది నిమిషాల్లోనే మన చేతిలో పెట్టేశారు. దాంతో మనమే యాన్‌కు సాక్షులమవుతాం. అతని గురించి అన్నీ తెలిసి, ఎవరికీ చెప్పలేని సాక్షులం. వాంగ్ పడిపోయాక మిగిలింది కుర్చీల్లో కూర్చున్న మనమే.

సోఫా

విరామం లేని చోటు అని పేరు పెట్టుకున్న సినిమాలో నాకు రెండు విరామాలు కనిపించాయి. ఒకటి మానసిక వైద్యురాలు డాక్టర్ లీ గదిలోని సోఫా. కొట్లాటల కేసుల వల్ల కోర్టు యాన్‌ను చికిత్సకు పంపుతుంది. అతను అక్కడికి వచ్చి నిద్రపోతాడు. లోకంలో అతనికి నిద్రపట్టే చోటు అదొక్కటే. ఒకసారి ఆమెతో తను పోలీసునని చెప్పేస్తాడు. ఆమె నవ్వి నేనూ అంతే అంటుంది. పదేళ్లలో వాంగ్‌తో తప్ప నోటితో పలికిన ఒకే ఒక్క నిజం, అదీ హాస్యంలో కలిసిపోయింది.

రెండోది పాటల పెట్టెల దుకాణం. మింగ్ కొనడానికి వస్తాడు, అంగట్లో ఉన్న యాన్ మంచి పరికరం చూపిస్తాడు. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని గాయని త్సాయ్ ఛిన్ పాడిన పాత పాట వింటారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. ఆ పాట నడిచినంతసేపు ఇద్దరి మీదా ఏ బరువూ లేదు.

లిఫ్ట్

మేడ పైకప్పు మీద యాన్ మింగ్ తలకు తుపాకీ పెడతాడు. మంచివాడిగా మారే అవకాశం ఇమ్మని మింగ్ అడుగుతాడు. ఆ మాట వెళ్లి జడ్జికి చెప్పుకోమంటాడు యాన్. లిఫ్టు తలుపు దగ్గర ఇంకో పోలీసు అధికారి యాన్ తలలోకి కాలుస్తాడు. అతనూ శామ్ పంపినవాడే. కిందికి దిగే లిఫ్టులో మింగ్ అతన్ని కాల్చేసి, కింద తలుపు తెరుచుకునేసరికి పోలీసు గుర్తింపు కార్డు చేత్తో పైకెత్తి బయటికొస్తాడు.

చైనా ప్రధాన భూభాగంలో విడుదల చేసిన ప్రతిలో ముగింపు మార్చారు. లిఫ్టు బయట మింగ్‌ను అరెస్టు చేస్తారు. మార్టిన్ స్కార్సెసే ఇదే కథను బోస్టన్‌కు తీసుకుపోయి 2006లో ‘ద డిపార్టెడ్’ తీసినప్పుడు, మింగ్ స్థానంలో ఉన్నవాణ్ణి అతని ఇంట్లోనే ఒక మాజీ సహోద్యోగి కాల్చి చంపుతాడు. ఉత్తమ చిత్రంతో కలిపి నాలుగు ఆస్కార్లు వచ్చిన సినిమా, నాకు ఇష్టమైనదే. అయినా ఆ రెండు ముగింపుల్లోనూ అవీచి పోయింది. అరెస్టయితే విచారణ ఉంటుంది, శిక్ష ఉంటుంది, శిక్షకు గడువు ఉంటుంది. చావు కూడా ఒక గడువే. ఒళ్లు ముక్కలైనా ప్రాణం పోదని పురాణం చెప్పింది అసలు ప్రతిలోని మింగ్ గురించే. అతను బతికి ఉన్నాడు, ఉద్యోగంలో ఉన్నాడు, అందరూ గౌరవిస్తున్నారు. పెళ్లాడబోయిన అమ్మాయి మాత్రం వెళ్లిపోతోంది, యాన్ పంపిన రికార్డింగు ఆమె విన్నది. ఆమె రాస్తున్న నవలలో కథానాయకుడికి ఇరవై ఎనిమిది వ్యక్తిత్వాలు, తను మంచివాడో చెడ్డవాడో అతనికే తెలియదు. భాగవతంలో నరకాల లెక్కా అంతే. ఇది కాకతాళీయమేనని తెలిసినా వదిలిపెట్టబుద్ధి కాలేదు.

సెల్యూట్

ఆరు నెలల తర్వాత యాన్ పోలీసేనని రుజువు చేసే రికార్డు బయటపడుతుంది. పోలీసు లాంఛనాలతో కొత్త సమాధి. దాని ముందు వరసలో మింగ్ ఉంటాడు, చెయ్యెత్తి సెల్యూట్ చేస్తాడు. మూల నిలబడి యాన్ చేసిన సెల్యూట్ ఎవరూ చూడలేదు. ఇది అందరూ చూశారు.

అక్కడి నుంచి సినిమా పదేళ్లు వెనక్కి పోతుంది. శిక్షణ పాఠశాల మైదానం. బహిష్కరించినట్టు నటించి యాన్‌ను పంపేస్తున్నారు. కుర్రాడు సంచి భుజాన వేసుకుని గేటు వైపు నడుస్తున్నాడు. వరసలో నిలబెట్టిన మిగతావాళ్లను శిక్షకుడు అడుగుతాడు, వాడి స్థానంలోకి వెళ్లాలని ఎవరికైనా ఉందా అని. ఎవరూ పలకరు. గేటు దాటుతున్న ఆ వీపునే చూస్తూ మింగ్ పెదవులు కదుపుతాడు. నాకుంది అంటాడు.